బిగిసిన కవాటము: పాత సేద్యపు ఇంజను నేర్పిన పాఠము

విద్యార్థులారా,

మన విజ్ఞానశాస్త్రపు గదిలో గోడమీద నాలుగు ఘాతముల ఇంజను పటము వ్రేలాడుచుండుట మీరెల్లరు నెరుగుదురు. అందు గాలి లోనికి వచ్చు కవాటమునకు నీలిరంగును, పొగ వెడలు కవాటమునకు ఎఱ్ఱరంగును వేయబడియున్నవి. ఏండ్ల తరబడి ఆ పటమును చూపి మేము పాఠము చెప్పితిమి. మీరును పరీక్షలలో దానిని చక్కగా గీసి మార్కులు పొందితిరి. అయితే పటములోని కవాటమునకు త్రుప్పు పట్టదు. అది యెన్నడును బిగిసికొనదు. నిజముగా బిగిసికొన్న కవాటము నొకదానిని చేత ముట్టువరకు, మేము చెప్పుచున్న పాఠములో సగమే మాకు తెలియునను సంగతి మాకు తోచలేదు. మిగిలిన సగమును 2022 ఫిబ్రవరి మాసమున, పుంగనూరు చెంతనున్న యొక తోటలో, కుప్పము నుండి వచ్చిన యొక వృద్ధ ఫిట్టరు మాకు నేర్పెను. దానినే ఈ వార్షిక సంచికలో మీకును మీ తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

సేద్యమునకు ఇంజను వచ్చుట

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మెట్టసీమలు. ఏడాది పొడుగున పారు నదులు మనకు లేవు. చెరువులును బావులును మనకాధారము. మన తాతముత్తాతల కాలమున బావినీరు కపిలెతో పైకి వచ్చెడిది. మోకునకు కట్టిన తోలుబాన బావిలో మునిగి నిండిన పిమ్మట, ఎద్దులు వాలుబాటను క్రిందికి నడచినచో బాన పైకి వచ్చి తొట్టిలో నీరు క్రుమ్మరించుచుండెను. ఒక మనిషియు ఒక జత యెద్దులును తెల్లవారుజాము మొదలు ప్రొద్దెక్కువరకు శ్రమించినను తడియు నేల కొంచెమే.

20వ శతాబ్దపు మొదటి దశకమున మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ అను ఇంజనీరు బావులకు చమురు ఇంజనులను, పంపులను అమర్చి నీరు తోడించు పద్ధతిని వ్యాపింపజేయుటకు పాటుపడెను. మన తాలూకాలును అప్పుడు ఆ రాజధానిలోనివే. ఇంజను కథ అంతకు పూర్వమే జర్మనీ దేశమున ఆరంభమైనది. 1876లో నికొలాస్ ఒట్టో నాలుగు ఘాతముల ఇంజనును నడిపి చూపెను. 1897లో రుడాల్ఫ్ డీజిల్ కల్పించిన ఇంజను ఔగ్స్‌బర్గు నగరమున జయప్రదముగా నడచెను. 1930 ప్రాంతమున ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమందలి లిస్టరు సంస్థవారు నెమ్మదిగా తిరుగునట్టియు, మోటుపనికి తట్టుకొనునట్టియు డీజిలు ఇంజనును తయారుచేసిరి. 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్ల సంస్థ ఏర్పడెను. గుజరాతులోని రాజకోటలో లిస్టరు మాదిరి ననుసరించి పలు కర్మాగారములు ఇంజనులను చేసినవి. ఇట్టి ఇంజను ఊరికొకటి వచ్చిన నాడు దాని టుకుటుకు ధ్వనిని వినుటకే పిల్లలు బావిగట్టున చేరెడివారు.

తరువాత కరెంటు మోటార్లు వచ్చినవి. బోరుబావులు వచ్చినవి. పాతబావులు ఎండినవి. ఇంజనులు కొన్ని పాత ఇనుమువారి తక్కెడ కెక్కినవి; కొన్ని కొట్టముల మూలల గోనెపట్ట క్రింద నిలిచినవి. మన కథలోని ఇంజను ఈ రెండవ తెగకు చెందినది.

కవాటము చేయు పని

కథకు ముందు కవాటపు పని యేమో జ్ఞప్తికి తెచ్చుకొందము. సిలిండరులో పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలికవాటము తెరచుకొని గాలి లోనికి వచ్చును. ఇది మొదటి ఘాతము. పిస్టను పైకి వచ్చునప్పుడు కవాటములు రెండును మూసికొనియుండగా గాలి నొక్కబడి మిక్కిలి వేడెక్కును. ఇది రెండవది. ఆ వేడిగాలిలోనికి డీజిలు తుంపరగా చిమ్మబడి, తనంతట మండి, పిస్టనును క్రిందికి త్రోయును. ఇది మూడవది, పని జరుగునది ఇందే. నాలుగవ ఘాతమున పొగకవాటము తెరచుకొనగా, పిస్టను పైకి వచ్చుచు పొగను వెడలగొట్టును.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు సాధనము లేదనుట ఇందు ముఖ్యము. నొక్కబడిన గాలి వేడియే దానికి నిప్పు. కవాటములలో నొకటి సరిగా మూసికొనకున్న గాలి తప్పించుకొని పోవును. నొక్కుడు లేదు కనుక వేడి లేదు. వేడి లేదు కనుక మంట లేదు.

మెకానిక్కులు వాల్వు అని పిలుచు ఈ కవాటము ఆకారమున పుట్టగొడుగును పోలియుండును. దాని పళ్లెము సిలిండరు ద్వారమును మూయును. దాని కాడ గైడు అను గొట్టములో పైకి క్రిందికి జారుచుండును. రాకరు అను తులాదండము కాడను నొక్కి తెరచును. స్ప్రింగు దానిని వెనుకకు లాగి మూయును. కాడకును గైడునకును నడుమ నుండు సందు తలవెండ్రుక పాటిది. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి కవాటమును రెండు చుట్ల కొకసారి, అనగా నిమిషమునకు 325 మార్లు, తెరచి మూసికొనును. గంటకు ఇది 19,500 మార్లగును. ఇన్ని మార్లు జారునదియే, ఊరక నిలిపినచో కదలకుండ బిగిసికొనుట వింతగా తోచును. కాని జారుచున్నంత కాలమే ఆ సందు సందుగా నుండునని మనము తెలిసికొనవలెను.

బిగియుటకు కారణములు

కారణములు ముఖ్యముగా మూడు. మొదటిది త్రుప్పు. డీజిలు మండునప్పుడు నీటియావిరి పుట్టును. ఇంజను చల్లారిన పిమ్మట అది చెమ్మగా మారి కాడమీద నిలుచును. డీజిలులోని గంధకము మండగా పుట్టిన వాయువు ఆ చెమ్మతో కలిసి ఆమ్లమై ఇనుమును తినును. పొగగొట్టము ఆకాశమువైపు తెరచియున్నచో వాననీరు తిన్నగా దిగి పొగకవాటము పైననే పడును. రెండవది మసి. సరిగా మండని ఇంధనము నల్లని పెచ్చుగా కాడను పట్టుకొనును. మూడవది పాత నూనె. ఏండ్లకొలది కదలక నిలిచిన నూనె చిక్కబడి జిగురుగా మారును. పొగకవాటమునకు ఈ మూడును తగులును గనుక గాలికవాటముకన్న అదియే తరచుగా బిగియును.

పుంగనూరు చెంత జరిగిన సంగతి

2021 నవంబరులో మన జిల్లాలలో కురిసిన పెనువానలు మీకు జ్ఞాపక ముండును. ఆ వానలు చాలమందికి నష్టము తెచ్చినను, ఎండిపోయిన కొన్ని పాతబావులలో మరల నీరు చేర్చినవి. మా తరగతిలో చదువుచుండిన యొక బాలుని తాతగారి బావియు నట్లే నిండెను. ఆ చేనివరకు కరెంటు స్తంభములు లేవు. కొట్టములో పదునైదేండ్లుగా నిలిచిన ఇంజను కలదు గదా యను ధైర్యముతో ఆయన ఒక ఎకరమున టమోటా నారు నాటించెను. ఇంజను నడచునో నడవదో ముందుగా చూడలేదు. నారు నాటినది గురువారము. ఇంజను కదలదని తెలిసినదియు గురువారమే.

శుక్రవారము బడి విడిచినంతనే ఆ బాలుడు మా యొద్దకు వచ్చి, “సార్, మీరు ఇంజను పాఠం చెప్పినారు గదా, ఒకసారి వచ్చి చూడండి” అని వేడుకొనెను. ఆ మాటకు మేము లోలోన సంతసించితి మని దాచనేల? ఇరువురము బస్సెక్కి పోతిమి.

పిడి తగిలించి త్రిప్పగా చక్రము అడ్డులేక తిరిగెను. గాలి పట్టలేదు. హెడ్డు మీది రేకుమూతను తీసి చూడగా పొగకవాటపు రాకరు వదులుగా ఊగుచుండెను. కవాటపు కాడ లోనికి దిగి అక్కడనే నిలిచియుండెను. స్ప్రింగునకు దానిని పైకి లాగు శక్తి చాలలేదు. ఇంతవరకు మా పాఠము మాకు తోడ్పడినది. తరువాతనే మేము తప్పితిమి. కాడమీద కొంచెము డీజిలు పోసి, అరగంటయైన ఆగక, సుత్తితో కాడ కొనను కొట్టితిమి. ఒక దెబ్బకు కదలకున్న మరియొకటి, అదియు చాలకున్న ఇంకను గట్టిగా. కవాటము వదలుటకు మారుగా మరికొంత లోనికి దిగెను. పిమ్మట చక్రమును త్రిప్పగా లోపల ‘టక్కు’మని పిస్టను పళ్లెమునకు తగిలెను. కాడ కొన చితికి చుట్టును విచ్చుకొనెను.

ఆ ముసలాయన మమ్మేమియు ననలేదు. “పోనీలే సారూ, తూకానికి వేసేస్తాను” అని మాత్రము చెప్పెను. అప్పుడు ఇంటి ఆడవారు బావినుండి బిందెలతో నీరు మోసి, మొక్కకొక చెంబు చొప్పున పోయుచుండిరి. ఎకరము నేల వారి యెదుట నుండెను.

ఆ రాత్రి మా పొరుగువారొకరు కుప్పము ఫిట్టరు సంగతి చెప్పిరి. ఆయన పూర్వము కోలారు బంగారు గనులలో పనిచేసి, 2001లో ఆ గనులు మూతపడిన పిమ్మట కుప్పమునకు వచ్చి స్థిరపడెనట. కబురు పంపగా మరునాడు, రెండవ శనివారము, పలమనేరు మీదుగా బస్సులో మధ్యాహ్నమునకు వచ్చెను. డెబ్బది యేండ్లు దాటిన మనిషి. పనిముట్లు గోనెసంచిలో నుండెను. ఇంజనును ఒక చుట్టు చుట్టి చూచి, కాడ కొనను వ్రేలితో తడవి, “ఎవరు కొట్టింది?” అని యడిగెను. “మేమే” నంటిమి. “చెప్పినారు, మంచిది. దీన్ని చూసుకోకుండా లాగింటే గైడు కూడా పోయుండేది” అనెను. తప్పు దాచకుండుట నీతిలోనే గాక యంత్రవిద్యలోను లాభకర మని మేమప్పుడు గ్రహించితిమి. దెబ్బతిన్న చోటు తెలియనిచో మరియొక చోటు దెబ్బతినును.

విడిపించిన విధము

మొట్టమొదట ఆయన డీజిలు తొట్టి కుళాయిని కట్టి, త్రిప్పు పిడిని ఊడదీసి దూరముగా పెట్టించెను. చల్లదనమునకై హెడ్డు చుట్టు నుండు నీటిని వదలెను. డీజిలు గొట్టమును, పొగగొట్టమును విప్పెను. పొగగొట్టమును వంచగా త్రుప్పు పెచ్చులును, ఎండిన కందిరీగల గూడు నొకటియు రాలినవి. దానికి మూత లేదని, పదునైదేండ్ల వానలు అందులో పడినవని అప్పుడు తెలిసినది. హెడ్డు మరలను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా వదులు చేసెను. ఒకవైపు మరలనే ముందుగా పూర్తిగా విప్పినచో హెడ్డు వంగునట. ఇద్దరు పట్టి హెడ్డును ఎత్తి చెక్కబల్ల మీద పెట్టిరి.

పిమ్మట పళ్లెము క్రింద చెక్కముక్క నుంచి, స్ప్రింగు పైబిళ్లను నొక్కి, దానిని పట్టియుంచు రెండు సగపు లాకులను తీయబోయెను. విచ్చుకొనిన కాడ కొన అడ్డు తగిలెను. ఆ కొన అట్లేయుండగా కవాటమును లాగినచో అది గైడును గీచి పాడుచేయును. కావున గైడు చుట్టు గుడ్డ చుట్టి, రజను లోనికి పోకుండ, సన్నని ఆకురాయితో కొనను అరుగదీసెను. మా సుత్తిదెబ్బలు పడినది కొన్ని నిమిషములు. వానిని సరిదిద్దుటకు పట్టినది రెండు గంటలు.

స్ప్రింగు వచ్చిన పిమ్మట అసలు పని మొదలాయెను. సగము డీజిలు, సగము ఇంజను నూనె కలిపెను. తోట కాలువనుండి బంకమన్ను తెప్పించి, మడికి గట్టు వేసినట్లు గైడు చుట్టు చిన్న కట్ట కట్టి, అందు ఆ మిశ్రమమును పోసెను. పొగద్వారము వైపునుండియు పోయుచు, కాడ రెండు కొసలు తడియునట్లు చూచెను. ఇక సుత్తి యెత్తునని మేమెదురు చూచుచుండగా ఆయన చేతులు కడిగికొనెను. బాలుడు, “ఇంకేం చేయాల తాతా?” అని యడిగెను. “పోసే పని మనది, ఇంకే పని దానిది. దాని పని దాన్ని చేయనీ నాయనా” అని ఆయన తుండుపరచి పడుకొనెను.

ఇందలి శాస్త్రమును గమనింపుడు. అతి సన్నని సందులోనికి ద్రవము తనంతట ప్రాకుటను కేశనాళికా ధర్మమందురు. దీపపు వత్తిలో నూనె యెక్కుట ఈ ధర్మము చేతనే. పరీక్షలో మీరు దీనికి నిర్వచనము వ్రాసియున్నారు. కాని ఆ ప్రాకుడునకు కాలము కావలెనని నిర్వచనములో లేదు. శుక్రవారము మేము దానికిచ్చినది అరగంటయైన లేదు. ఫిట్టరు రాత్రియంతయు నిచ్చెను.

ఆదివారము తెల్లవారగానే మట్టికట్టను తీసి, మన్ను రేణువైన మిగులకుండ తుడిచి, నీరు కాచి, గైడు చుట్టునున్న పోతయినుము మీద మెల్లగా పోయించెను. ఇనుము వేడికి వ్యాకోచించి త్రుప్పు పట్టును సడలించును. చల్లారునప్పుడు మరల నూనె పోయగా అది మరికొంత లోనికి పోవును. నిప్పుమీదనే కాల్చిన త్వరగా గాదా యని బాలుడడిగెను. నూనె తడిసిన ఇనుము చెంతకు నిప్పు తేరాదనియు, ఒకచోటనే మిక్కిలి వేడి తగిలిన పోతయినుము పగులుననియు ఆయన చెప్పెను.

తరువాత కాడ కొనకు పాతచెప్పు తోలుముక్క చుట్టి, పట్టకారుతో పట్టి, మెల్లగా త్రిప్పజూచెను. గైడులో జారు భాగమును పట్టకారు కరవరాదు. గాటు పడిన అది మరల బిగియును. మొదట కదలలేదు. మరల వేడినీరు, మరల నూనె. ఎనిమిది గంటలకు కాడ చీమతల యంత తిరిగెను. అప్పుడు ఆయన ముందుకు త్రిప్పినంత వెనుకకును త్రిప్పెను. పిదప పళ్లెము వైపునుండి చెక్కముక్క ఆనించి, కొయ్యసుత్తితో తట్టి కొంచెము పైకి జరిపెను. వెంటనే మరల క్రిందికి జరిపెను. కదలినది గదా యని ఒకే వైపునకు నెట్టినచో ఊడిన త్రుప్పు ముందు ప్రోగుపడి మేకువలె బిగియును. అటునిటు జరిపినచో పొడియై నూనెతో బయటికి వచ్చును. ఎఱ్ఱని బురద కారుచుండెను. అది నల్లబడి, పిమ్మట తేటనూనె కనబడువరకు ఓపికతో జరిపెను. పదకొండు గంటల వేళకు కవాటము తనంతట జారి బాలుని అరచేతిలో పడెను.

శుభ్రపరచి మరల అమర్చుట

కాడను సన్నని ఎమిరీ కాగితముతో తుడిచి, అద్దముపలక మీద దొర్లించి చూచిరి. వంగినచో ఎగిరెగిరి దొర్లును. అదృష్టవశమున అది వంగలేదు. పిస్టను తగిలిన చోట పళ్లెము మీద చిన్న గుర్తు మాత్ర ముండెను. గైడును కఱ్ఱకు చుట్టిన గుడ్డతో శుభ్రపరచిరి. పళ్లెపు అంచునకు నూరుడు పేస్టు పూసి, దాని పీఠములో నుంచి అటునిటు త్రిప్పుచు నూరిరి. అంచు చుట్టును తెంపులేని బూడిదరంగు వలయ మేర్పడినంతనే నూరుట మాని, పేస్టు రవ్వయైన మిగులకుండ కడిగిరి. కవాటమును స్ప్రింగుతో బిగించి, ద్వారములో డీజిలు పోసి పది నిమిషములు చూచిరి. చుక్కయైన కారలేదు. మూత సరిగా పడినదనుటకు ఇంతకన్న సులభమైన పరీక్ష లేదు.

క్రొత్త గ్యాస్కెటు వేసి, హెడ్డు మరలను ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగించిరి. రాకరునకును కాడకును నడుమ ఇంజను చల్లగా నుండగా విడువవలసిన సందును తయారుచేసినవారు చెప్పిన కొలతకు ఫీలరు గేజితో సరిచూచిరి. సందు లేకున్న కాడ వేడికి సాగి కవాటము మూసికొనదు, ఎక్కువైన దెబ్బలాడును. నూనె, నీరు, డీజిలు నింపి, మొదట చేతితో మెల్లగా పలుమార్లు త్రిప్పి, ఎక్కడను తగులుట లేదని తెలిసికొనిరి.

ఆదివారము ప్రొద్దు వాలువేళకు పిడి త్రిప్పిరి. ముందు తెల్లపొగ వచ్చెను. రెండు మార్లు తుమ్మినట్లు శబ్దమై, పిమ్మట ఆ పాత టుకుటుకు ధ్వని వినవచ్చెను. పంపు నీరందుకొని కాలువ పారెను. ముసలాయన కాలువలో దిగి, నీరు మొదటి సాలును దాటువరకు నిలువబడి చూచెను. మూడు సాళ్ల నారు అప్పటికే ఎండిపోయెను. తక్కినది బ్రతికెను. ఆ మూడు సాళ్లలో మా తొందర పాలెంతయో మేము లెక్క వేయలేదు. కాని అందు మాకును పాలు కలదు.

ఇంజనును నిలిపి చల్లార్చిన పిమ్మట, ఫిట్టరు ఇంటివారి నడిగి ఒక కొబ్బరిచిప్ప తెప్పించి పొగగొట్టము మీద బోర్లించెను. “పదైదేండ్ల ముందర ఇది పెట్టింటే నాతో పని లేకపోయుండు” అని నవ్వి, తన కూలియు బస్సు చార్జీయు పుచ్చుకొని సెలవు తీసికొనెను.

ఇంటివారు పాటింపవలసిన జాగ్రత్తలు

1. పనిలేని కాలమున పొగగొట్టమునకు మూత వేయుడు. ఇంజను నడుపుటకు ముందు మూత తీయుట మరువకుడు.

2. నెలకొకసారి కొంతసేపు నడుపుడు. నడుపుటకు వీలులేనిచో కవాటపు కాడలపై నూనె చుక్కలు వేసి చేతితో త్రిప్పుడు. తుదకు రెండవ ఘాతము చివర, కవాటములు రెండును మూసికొనియున్న స్థితిలో నిలుపుడు. ఇట్లు చేసిన చెమ్మ సిలిండరులోనికి పోదు.

3. చక్రము అడ్డులేక తిరుగుచు గాలి పట్టకున్న బలముగా త్రిప్పుట మాని, మూత తీసి చూడుడు. పై ఘాతము చివర పిస్టను హెడ్డునకు మిక్కిలి దగ్గరగా వచ్చును. తెరచుకొని బిగిసిన కవాటము దానికి తగిలి వంగును.

4. పిల్లలు పెద్దల తోడు లేక ఇంజను చెంతకు పోరాదు. చక్రము తిరుగుచుండగా ధోవతి, పైట, తుండుగుడ్డ దానికి దూరముగా నుండవలెను.

5. ఇది ప్రాణముతో కూడిన సంగతి. పంపు నీటిని పీల్చునది గాలి యొత్తిడి చేతనే. సముద్రతీరమున ఆ యొత్తిడి నీటిని సుమారు 10.3 మీటర్ల ఎత్తువరకు నిలుపగలదు. సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లెలో అది దాదాపు 9.5 మీటర్లే. ఆచరణలో 6, 7 మీటర్లకు మించి పీల్చుట కష్టము. అందుచే నీరు లోతున నున్నప్పుడు ఇంజనును బావిలోని అరుగు మీదికి దింపెడివారు. ఇంజను పొగలో వాసనయు రంగును లేని కార్బను మోనాక్సైడు అను విషవాయువు కలదు. అది బావిలో నిలిచి మనుష్యులను మూర్ఛపుచ్చి చంపును. ఇంజను నడచిన బావిలోనికి, గాలి బాగుగా మారక మునుపు ఎవరును దిగరాదు. లోపల నొకరు పడినచో వెంటనే మరియొకరు దుమికి దిగరాదు, సహాయము పిలువవలెను.

ముగింపు

విద్యార్థులారా, మా పాఠము తప్పు కాదు. పటము చూచినందుననే, లోపము పొగకవాటములో నున్నదని మేము తెలిసికొనగలిగితిమి. కాని లోపము తెలియుట వేరు, దానిని మాన్పుట వేరు. మాన్పుటకు చేతికి చదువు కావలెను. ఆ చదువునకు కాలము కావలెను. కుప్పము ఫిట్టరు మాకన్న బలవంతుడు కాడు. ఆయన సంచిలో మా సుత్తికన్న పెద్ద సుత్తి యుండెను. దానిని ఆయన బయటికి తీయనేలేదు.

తలిదండ్రులారా, మీ కొట్టములో ఇట్టి ఇంజను ఇంకను నిలిచియున్నచో, పాత ఇనుమువారిని పిలుచుటకు ముందు దాని మూత తీసి చూడుడు. మీ పిల్లలను దగ్గర నిలిపి చూపుడు. ఈ పాఠమునకు అంతకన్న మంచి పటము మా గోడమీద లేదు.

అభ్యాసము

1. నిమిషమునకు 600 చుట్లు తిరుగు నాలుగు ఘాతముల ఇంజనులో పొగకవాటము గంటకు ఎన్ని మార్లు తెరచుకొనును?

2. కవాటము తెరచుకొని బిగిసినచో డీజిలు ఏల మండదు?

3. బిగిసిన కాడను ఒకే వైపునకు నెట్టరాదనుటకు కారణమేమి?

4. రాత్రియంతయు నూనెలో నాననిచ్చుటలో పనిచేయు ప్రకృతిధర్మమేది? మీ యింట అదే ధర్మము పనిచేయు మరి రెండు చోట్లను చూచి వ్రాయుడు.

5. మీ ఊరిలోని పాత ఇంజను నొకదానిని పెద్దల తోడుతో చూచి, దాని పొగగొట్టమునకు మూత కలదో లేదో తెలిసికొని రండు. లేనిచో ఏమి చేయవలెనో మీరెరుగుదురు.